మరకేదో, పచ్చబొట్టేదో

పినపాకలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరిన రోజున నాకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. స్టూడియో నడిపే అక్క ఏం చెప్పినా "ఎందుకు?" అనేదాన్ని. ఆమె ఓపికకు ఇప్పుడు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అప్పుడైతే ఒళ్లు మండేది.

నా చెయ్యి పైనున్న మెనూ వైపు కదిలితే చాలు, స్కేలుతో బల్ల మీద టక్కున కొట్టేది. "ఎడమ చెయ్యి ఏం చేస్తుంది పిల్లా, పండుకున్నదా? కీబోర్డు మీద పెట్టు" అనేది. అట్లా తిట్లతోపాటే షార్ట్‌కట్లు వచ్చాయి. బొమ్మ చుట్టూ గీత గీసి కత్తిరించే లాసోతో ఒక పెళ్లికొడుకును వెనకున్న గోడ నుంచి వేరుచేయబోయి మొదటిసారే చెవి కోసేశాను. కంట్రోల్ జెడ్ కొడితే చెవి తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నమంతా పాపం ఆయన చెవి కోస్తూ, అతికిస్తూ నవ్వుకున్నాను.

అన్నిటికంటే విసుగు కంట్రోల్ జే. ఏ ఫొటో తెరిచినా ముందు అది కొట్టాలి. కొడితే అదే ఫొటోకు ఇంకో పొర పైన పడుతుంది. దిద్దడం ఏదైనా ఆ పై పొర మీదే.

"ఒక్క మొటిమ తీయడానికి ఇంత తతంగమా అక్కా?" అన్నాను.

"ముందుగాల కొట్టు, తర్వాత మాట్లాడు" అంది.

ఒక వానాకాలం పొద్దున, పక్క ఊరి దవాఖానాలో నర్సుగా చేసే ఒకామె పాత చీరముక్కలో చుట్టిన ఫ్రేము తెచ్చింది. అడవి లోపలి గూడెంలో పుట్టి పెరిగిన మనిషి. ఫ్రేములో ఉన్నది చనిపోయిన వాళ్లమ్మ. ఇల్లు కురిసి ఫొటో తడిసి, అద్దానికి అతుక్కుపోయింది. ముఖం నిండా నల్లటి చుక్కలు. అమ్మది ఇంకో ఫొటో లేదని చెప్పింది.

మొదట అక్క అద్దంతో సహా దాన్ని కెమెరాతో తీసి కంప్యూటర్లో వేసింది. ఆ తర్వాత, ఆమె సరేనన్నాకే, అద్దం నుంచి మెల్లగా విడదీయబోతే ముఖం దగ్గరే కాగితం చిరిగింది. నర్సమ్మ చిరిగిన ముక్కలు ఏరి పర్సులో వేసుకుంది. ఇక ఆ తల్లి ముఖం మిగిలింది మా కంప్యూటర్లోనే.

దాన్ని బాగుచేసే పని అక్క నాకిచ్చింది. స్పాట్ హీలింగ్ బ్రష్‌తో మచ్చ మీద రుద్దితే, చుట్టూ ఉన్న చర్మాన్ని చూసి అదే పూడ్చేస్తుంది. నుదుటి మీదవి, బుగ్గల మీదవి, గడ్డం మీదవి, ఒక్క చుక్క వదలకుండా తుడిచాను. ముఖం నున్నగా తేలింది. సేవ్ చేసి మూసేసి, ఇంటికెళ్లి మా అత్తకు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు నర్సమ్మ వస్తే ఫైలు తెరిచి చూపించాను. ఆమె తెర మీదికి వంగి చూసింది.

"మా అమ్మ బొట్లేవి చెల్లె?"

"ఏ బొట్లు?"

"పచ్చబొట్లు. నొసటికి, గదుమకు ఉండె. గవి లేకుంటే ఈమె మా అమ్మెట్లయితది?"

మా ఇంట్లో ముఖం మీద పచ్చబొట్లున్నవాళ్లు లేరు. నాకు చుక్కలన్నీ తడి మరకల్లాగే కనిపించాయి. కంట్రోల్ జెడ్ కొట్టాను. మళ్లీ మళ్లీ కొట్టాను. ఒకసారి మూసిన ఫైలులో నిన్నటి పని అలా వెనక్కి రాదని అప్పుడే తెలిసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అక్క వచ్చి నా వెనక నిలబడింది. "కంట్రోల్ జే కొట్టినవా?"

"కొట్టాను."

"మరి ఏడుసుడేంది? పై పొర కన్ను మూయి."

పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే ఆ పొర కనిపించదు. నొక్కాను. కింద ఆ తల్లి అలాగే ఉంది, మరకలతో, బొట్లతో. నర్సమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. తిట్లు పడతాయనే తప్ప ఎందుకో తెలియకుండానే నేను కొట్టిన కంట్రోల్ జే అది. అక్క నన్ను అంతగా సతాయించి ఉండకపోతే ఆమెకు ఏమని చెప్పేదాన్ని? ఆ సతాయింపుకు ఇవాళ్టికీ మనసులో అక్కకు మొక్కుకుంటాను.

కొత్త పొర వేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నర్సమ్మ కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చుంది. తెర మీద వేలు పెట్టి చెప్పింది.

"ఇది మరక, తియ్. ఇది మా అమ్మది. ఇది మరక."

"ఇంత బాగా ఎట్లా గుర్తున్నాయి?" అన్నాను.

"చిన్నప్పుడు అమ్మ పక్కల పండుకొని, ఒక్కొక్కటి వేలుతోని ముట్టుకుంట నిద్రపోయేదాన్ని. నాకు గూడ పొడిపియ్యమంటే వద్దన్నది. బడిల నవ్వుతరని."

పెదవికి కొంచెం కింద ఒక్క చుక్క మిగిలింది. బ్రష్ దాని మీద ఆపి ఆమె వైపు చూశాను. ఆమె వేలు దగ్గరికి తెచ్చింది. తీసేసింది. మళ్లీ తెచ్చింది.

"యాదికొస్తలేదు చెల్లె" అంది.

"తీసేయనా?"

"వద్దు. అమ్మదైతే మళ్ల యాడికెళ్లి తేవాలె? ఉండనియ్."

ఆ చుక్కను అలాగే ఉంచి ప్రింటు ఇచ్చాను.