గుడ్డ కట్టిన చిక్కుడు కాయలు

మల్లమ్మ ఇంటి దడి మీది చిక్కుడు తీగను చూసి నవ్వనోళ్లు మా బీరంగూడల లేకుండిరి. నేను గూడ నవ్విన. పూలేమో వంకాయ రంగువి, గెలలు గెలలు. షిఫ్టుకు పోయే మొగోళ్లు సైకిలాపి చూసేటంత సక్కదనం. కాయలు గూడ అదే రంగు. ఏం లాభం? వండితే ఒట్టి పీచు. ఒక్కసారి నేను వండిన, మా ఆయన పళ్లెం పక్కకు జరిపిండు.

"పూలు చూసుకుంట కూసుంటే కడుపు నిండుతదా? అది పీకేసి మంచి చిక్కుడు పెట్టరాదు" అని ఆమె పెనిమిటి కొమురయ్య ఏటా అంటుండె. ఆమె వింటే గద! మల్లమ్మకు మాటలు తక్కువ, మొండితనం జాస్తి.

ఆ తీగ ఇత్తనం వాళ్ల చేని గెట్టుది. పెద్ద ఫ్యాక్టరీ కట్టినప్పుడు ఆ చేను అండ్ల కలిసిపోయింది. కొమురయ్యకు అండ్లనే నౌకరి దొరికింది. ఖాకీ బట్టలేసుకోని తన చేన్లకే డ్యూటీకి పోయొస్తుండె. గెట్టు ఏడుండెనో ఆయనకే తెల్వదు, అంతా సిమెంటు. తినరాని చిక్కుడు ఇంకెవ్వరు పెడ్తరు? చుట్టుపక్కల ఏ ఊర్లె లేకుండె. మల్లమ్మనే ఏటా కొన్ని కాయలు తీగ మీద ఎండనిచ్చి, ఆ గింజలే మళ్ల పెట్టేది.

పందొమ్మిది వందల డెబ్బై రెండుల ఆ తీగకు గండమొచ్చింది. కాయలకు పురుగు పట్టింది. దాచిన పాత గింజలు మట్టి గురిగిల పుచ్చి పిండయినయి. తీగ అడుగు నుంచి ఎండబట్టింది. మల్లమ్మ ఎతికి ఎతికి, పురుగు తాకని కాయలు చూసి, పాత పసుపు చీర చింపి ఒక్కోదానికి పేలిక కట్టింది. వ్యవసాయం చేసేటోళ్లకు చెప్పే పని లేదు, గుడ్డ కట్టి ఉంటే ఇత్తనం కాయ. ఎవ్వరు ముట్టరు.

వాళ్లింట్ల ముందరి అర్రల కిరాయికుండేది రుక్మిణి. సంగారెడ్డిల కిరాణా దుకాణమోళ్ల బిడ్డ, కొత్త కాపురం. చిక్కుడు కాయలు గంపల చూసిందే గాని తీగ మీద చూడలే. మంచి పిల్లనే పాపం, దేవుడంటే పానమిస్తది.

రథసప్తమి పొద్దుగాల. మల్లమ్మ సుల్తాన్‌పూర్ల అన్న ఇంటికి పోయి ఇంకా రాలే. సూర్యునికి చిక్కుడు కాయల రథం కట్టాలెనని రుక్మిణి దడికాడికొచ్చింది. పసుపు గుడ్డలు కనబడ్డయి. పిల్ల ముడుపనుకున్నది! పెద్దమ్మ ముందే దేవునికి మొక్కి కట్టి పెట్టిందని సంబరపడ్డది. కడమయన్ని పురుగు కాయలాయె, అవి దేవునికి ఎట్ల పెడ్తరు? గుడ్డలు భక్తిగ విప్పి, కండ్లకద్దుకోని, ఒక్కటి విడువకుండ తెంపింది. చీపురుపుల్లలు గుచ్చి రథం కట్టి, పూజ చేసింది.

మల్లమ్మ వాకిట్ల అడుగు పెట్టేసరికి నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్న. "పెద్దమ్మా, నీ మొక్కు నేనే తీర్చిన, రా, చూడు!" అని రుక్మిణి నవ్వుకుంట పిలిచింది.

మల్లమ్మ చూసింది. మూట కిందేసి రథం ముంగట కూలబడ్డది. ఒక కాయ గుంజి గోరుతోని చీల్చింది. గింజ ఇంకా పాల మీదనే ఉన్నది, తెల్లగ. ఇంకోటి చీల్చింది.

"అయ్యో పెద్దమ్మా, అది దేవుని రథం!"

ఆమె ఆగలే. అన్నీ చీల్చింది. ఒక్క గింజన్న ముదరలే. అప్పుడు సమజైంది రుక్మిణికి. "నాకు తెల్వకపాయె... ముడుపనుకున్న" అని బోరుమన్నది.

"ఊకో బిడ్డా, నీకేం ఎరుక" అని మల్లమ్మ ఆ పిల్ల తల నిమిరింది. అట్ల నిమురుకుంటనే తను గూడ ఏడ్వబట్టింది. నా చేతుల బట్ట చేతులనే ఉండిపోయింది.

రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన కొమురయ్య వాకిట్ల నిలబడి పరేషానయ్యిండు. "ఏందే గిది? చేను పోయిననాడు కంట్లె చుక్క రాలే నీకు. తినని చిక్కుడుకు ఏడుస్తున్నవా?"

"ఆనాడెక్కడ పోయింది?" అన్నది మల్లమ్మ. "ఇత్తనం ఉండె గద. చేను ఇయ్యాల పోయింది."

కొమురయ్య వచ్చి ఆమె పక్కన కూసోని, చీల్చిన కాయలు ఒక్కొక్కటే ఏరి మళ్ల చూసిండు.