నా పెళ్లిచూపుల్లో పాత సినిమా

మా బాపు నల్లగొండ కోర్టులో అటెండరు. జడ్జిగారి హాలు బయట నిలబడి వాది ప్రతివాదుల పేర్లు గట్టిగా పిలవడం ఆయన పని. తెలంగాణ వచ్చిన కొద్దికాలానికే రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గాని గొంతు పోలేదు. ఇంట్లో నన్ను మంచినీళ్లు అడిగితే పానగల్ రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

బతుకంతా ఇంకొకరు తీర్పు చెబుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్న మనిషి. రిటైరయ్యాక ఆయనకు తనూ ఒక తీర్పు చెప్పాలనిపించింది. చెప్పడానికి ముద్దాయిలు కావాలి కదా. వాళ్లు టీవీలో దొరికారు. పాత సినిమాలు వేసే చానెల్ ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున చర్చికి పోయి రావడం, కోడికూరతో అన్నం తినడం, బాపు కుర్చీ టీవీ ముందుకు జరుపుకోవడం. ఇంక సాయంత్రం దాకా మా ఇల్లు ఇల్లు కాదు.

సినిమా అయిపోయాక కూడా బాపు లేచేవాడు కాదు. తెర మీద అందరూ కలిసి నవ్వుతూ నిలబడితే ఆయనకు ఒళ్లు మండేది.

"ఏడ్పిచ్చినోళ్లు, ఏడ్సినోళ్లు అందరు ఒక్కతాన నిలవడి ఫొటో దిగుడేనా? గీ తమ్మునికి ఆర్నెల్లు. గా జమీందారుకు యావజ్జీవం. బెయిల్ లేదు, జమానత్ లేదు."

మా అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద. క్షమాపణ గురించి అందరికీ చెప్పే మనిషి. సినిమాల్లో కూడా హంతకులను, తాగుబోతులను, ఆస్తి కాజేసినవాళ్లను బాగానే క్షమించేది. చివర్లో ఏడిస్తే చాలు ఆమెకు. కాని కొన్ని నేరాలకు ఆమె దగ్గర మాఫీ లేదు. ఒక సినిమాలో హీరోయిన్ పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీలోంచి హీరో ఈల విని, పాట పాడుకుంటూ తోటలోకి పరుగెత్తింది. పాట అయ్యేదాకా అమ్మ ఊపిరి బిగబట్టింది. తర్వాత సినిమాలో ఆమెకు ఎన్ని కష్టాలు వచ్చినా అమ్మ కళ్లు తడవలేదు. "పాలేమైనయో ఎవ్వలన్న అడిగిన్రా?" అంటుంది ఇప్పటికీ.

వీళ్లిద్దరికీ ఎప్పటికీ తెగని కేసు ఒకటి ఉండేది. ఆ సినిమా పేరు చెప్పను, ఆ రోజుల్లో అలాంటి కథలు బోలెడు. కొత్తగా పెళ్లయిన భార్య రాత్రిపూట దొడ్లోని బావి దగ్గర ఎవరో మగమనిషికి ఒక మూట ఇస్తుంది. అత్త చూసి కొడుకును లేపుతుంది. కొడుకు చూస్తాడు. ఒక్క మాట అడగకుండా భార్యను ఇంట్లోంచి వెళ్లగొడతాడు. ఆ మగమనిషి ఆమె అన్న, చెయ్యని నేరానికి జైల్లో పడి పారిపోయి వచ్చాడు. ఎవరికీ చెప్పనని ఆమె అన్నకు మాట ఇచ్చింది. అందుకని కూలి చేసి, కొడుకును పెంచి, జుట్టు నెరిసేదాకా నోరు విప్పదు. చివర్లో నిజం తెలిసి భర్త క్షమించమంటాడు. ఆమె ఆయన కాళ్లకు మొక్కుతుంది.

బాపు దృష్టిలో ఆ భర్త మొదటి ముద్దాయి. "సాక్షిని విచారించకుండ శిక్ష వేసిండు. గిది ఏ కోర్టుల చెల్లుతది?"

అమ్మ దృష్టిలో ఆ భార్యే. "మా అన్న అని రెండు ముక్కలు చెప్తే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోతుండె. నోరేమైంది ఆమెకు?"

"మాట ఇచ్చిందే!"

"మొగనికి గూడ ఇచ్చింది గద మాట, పెండ్లినాడు."

ఇక్కడికి వచ్చాక బాపు వాయిదా వేసేవాడు.

నేను ఫార్మసీ చదివి చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాను. రోజూ బస్సులో పోయి రావడం. సంబంధాలు రావడం మొదలైంది. తెచ్చేది మా చర్చిలోని పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, అందరికీ పెద్దమ్మే. ఎవరింట్లో ఎవరు పెళ్లికి ఎదిగారో ఆమెకు పాస్టరయ్యకంటే ముందు తెలుస్తుంది.

మొదటి అబ్బాయి హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఇంట్లోవాళ్లతో వచ్చి కూర్చున్నాడు. చదువు, జీతం, కట్నం సంగతులేవీ బాపు అడగలేదు. గొంతు సవరించుకుని, బావి దగ్గర సీను మొత్తం చెప్పి, "తప్పెవరిది?" అన్నాడు.

అబ్బాయి నవ్వు ఆపుకుంటూ వాళ్ల నాన్న వైపు చూశాడు. బాపు నవ్వడం లేదని తెలిసి సర్దుకుని కూర్చున్నాడు.

"ఆమెదే అంకుల్. హస్బెండ్‌కు చెప్పకుండ రాత్రిపూట బయటికెందుకు పోవాలె?"

బాపు చాయ్ తాగమన్నాడు. మర్యాదగా గేటు దాకా సాగనంపి వచ్చి, "పెండ్లాన్ని లోపల వెట్టి ఇంటికి తాళం ఏస్కపోయే రకం," అన్నాడు. సంబంధం అంతటితో సరి.

రెండో అబ్బాయి తెలివైనవాడు. కాసేపు ఆలోచించి, "ఇద్దరిదీ తప్పే సార్. కమ్యూనికేషన్ గ్యాప్," అన్నాడు. నాకు ఆ జవాబు బాగానే అనిపించింది. అబ్బాయి కూడా బాగానే ఉన్నాడు. వాళ్లు పోయాక ఆ మాటే అన్నాను.

"ఇద్దరిది అన్నోడు ఎవ్వరిది కాదన్నట్టే బిడ్డా," అన్నాడు బాపు. "రేపు నీకు వాళ్లమ్మకు లొల్లయితది. గప్పుడు గూడ గిదే చెప్పి ఆఫీసుకు పోతడు."

పెద్దమ్మకు కోపం వచ్చింది. "పిలగాండ్లను చూస్తున్నవా, కేసు నడుపుతున్నవా? నేను సంబంధాలు తేవాల్నా, నిందితులను తేవాల్నా?" అని చెప్పులేసుకుని పోయింది.

పోయి ఊరికే కూర్చోలేదు. మూడో అబ్బాయికి ప్రశ్నా జవాబూ రెండూ ముందే చెప్పి తీసుకొచ్చింది. బాపు నోరు తెరవగానే అబ్బాయి అందుకున్నాడు. ఆ భర్త చేసింది ఘోరమన్నాడు, విచారణ లేకుండా శిక్ష అన్యాయమన్నాడు, అలాంటివాళ్లను లోపలెయ్యాలన్నాడు. బాపు ముఖం వెలిగిపోయింది. నా వైపు చూసి కళ్లతోనే పెళ్లి ఖాయం చేశాడు.

వంటింటి గడపలో నిలబడ్డ అమ్మ మెల్లగా అడిగింది. "బాబూ, ఆమె అన్నకిచ్చిన మూటల ఏముండె?"

అబ్బాయి పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ పైన ఫ్యాను వైపు చూసింది.

"నగలు," అన్నాడు అబ్బాయి.

"అన్నం," అంది అమ్మ. "ఆకలిమీద పిసుక్కొని తింటడు అన్న. గా సీను చూసి ఏడ్వనోళ్లు లేరు. నువ్వు చూడనే లేదు."

అబద్ధపు సాక్ష్యం బాపు కోర్టులో చిన్న నేరం కాదు. అబ్బాయి లడ్డూ సగంలోనే వదిలేసి లేచాడు.

ఆ తర్వాత చాలాకాలం మా గేటు ఎవరూ తీయలేదు. నల్లగొండ చర్చిలన్నిటిలో మా గురించి తెలిసిపోయింది. అమ్మ బాపు మీద అలిగి రెండు ఆదివారాలు కోడికూర వండలేదు. చివరికి పెద్దమ్మే మెత్తబడి, మన సంగతి తెలియని దూరపు సంబంధం ఉందంటూ వచ్చింది. ఊరు ఆత్మకూర్, పాలమూరు వైపు, కృష్ణా నది దగ్గర. అబ్బాయి పశువుల దవాఖానలో పని చేస్తాడు. నాన్న లేడు. తల్లి అంగన్‌వాడీలో ఆయా.

తల్లీ కొడుకులు పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరారు. వందనాలు అయ్యాయి, అన్నాలు అయ్యాయి. అబ్బాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగుతాడేమోనని అమ్మ నా చెవిలో అంది. బాపు సీను చెప్పి తప్పెవరిదని అడిగాడు.

"నేను గా సినిమా చూడలే సార్," అన్నాడు అబ్బాయి. "చూడకుండ ఎట్ల చెప్తం?"

ఈ జవాబు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. బాపు కుర్చీ అతని వైపు జరుపుకున్నాడు. తర్వాత, "మరి చూస్తవా?" అన్నాడు.

నేను తలుపు చాటున తల పట్టుకున్నాను. ఫోన్‌లోంచి టీవీలోకి సినిమా వేయడం ఆ ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. అలా నా పెళ్లిచూపుల్లో పట్టుచీర కట్టుకుని, రిమోట్ పట్టుకుని, అందరికీ సినిమా పెట్టింది నేనే.

మూడు గంటల సినిమా అది. మొదటి పాట పూర్తి కాకముందే అబ్బాయి తల గోడకు వాలింది. రెండో పాటకు గురక వచ్చింది. వాళ్లమ్మ మోచేత్తో పొడిచింది. ఉలిక్కిపడి లేచి, "నొప్పులు మొదలైనయా?" అని మళ్లీ నిద్రపోయాడు.

"తెల్లారేదాకా బర్రె ఈనింది అన్నా," అందామె బాపుతో, సిగ్గుపడుతూ. "దూడ అడ్డం తిరిగిందట. ఆడనుంచి సీదా బస్సుకే వచ్చిండు."

కళ్లు ఎర్రగా ఎందుకున్నాయో తెలిసి అమ్మ మెత్తబడింది, వెళ్లి అతని తల కింద దిండు పెట్టింది. బాపు మాత్రం మెత్తబడలేదు. కోర్టు నడుస్తుంటే నిద్రపోవడం ఆయన సర్వీసులో జడ్జీలకు తప్ప ఎవరికీ చెల్లలేదు.

అబ్బాయి పడుకున్నాడు గాని వాళ్లమ్మ కన్నార్పకుండా చూసింది. బావి సీను వచ్చింది. అత్త కొడుకును లేపింది. బాపు మావైపు తిరిగి, "చూసిన్రా, నిప్పు పెట్టింది!" అన్నాడు.

"నిప్పెందుకు పెడ్తది అన్నా?" అందామె. "ఆమె కండ్లారా చూసింది. నడిరాత్రి మా దొడ్లకు మొగోడొస్తే నేను గూడ కొడుకును లేపుత. పండుకోమంటవా?"

నాకు కాబోయే అత్త ఆ అత్త తరఫున మాట్లాడుతుంటే మా పెద్దమ్మ నెత్తిన కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. బాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అయితే తప్పెవరిది చెల్లె? పిల్లదా?"

"పిల్లదెందుకు? అన్నం పెట్టుడు తప్పా?"

"మరి మొగనిదా?"

"వానికి తెలివి లేదు. అది వేరే ముచ్చట." ఆమె టీవీ వైపు చెయ్యి చూపించింది. అక్కడ అన్న గబగబా అన్నం తింటున్నాడు. "వీన్ని ఎవ్వలేమనరేంది? పారిపోయి వచ్చినోడు నేరుగ చెల్లె అత్తగారింటికే రావాల్నా? కొత్త పెండ్లిపిల్ల. వీడు కడుపు నింపుకొని పోయిండు, ఆమె బతుకంత రోడ్డు మీద వడ్డది. ఒక్కనాడన్న వచ్చి నేనే గా మొగోన్నని బావకు చెప్పిండా?"

అమ్మ చేతిలో చాయ్ గ్లాసులు అలాగే ఆగిపోయాయి. "నిజమే వదినా," అంది. "గిన్నేండ్లు చూసినం. వాన్ని చూసి ఏడ్సినం గని ఒక్క మాట అనలే."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ అన్నను చీల్చి చెండాడారు. క్లైమాక్సులో అతను పోలీసు తూటాకు చనిపోతే కూడా జాలిపడలేదు. ఎన్నో ఏళ్లుగా నడుపుతున్న కేసులో ఒక ముద్దాయిని అసలు పిలవనే లేదని బాపుకు అప్పుడే తెలిసింది.

సినిమా అయ్యేసరికి అబ్బాయి లేచాడు. ముఖం కడుక్కోవడానికి పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పోతే టవల్ ఇవ్వమని అమ్మ నన్ను పంపింది.

"సినిమా ఎట్లుంది?" అన్నాను.

"మంచిగ నిద్ర పట్టింది," అన్నాడు. నిద్రలోనే మా అమ్మల తిట్లు చెవిన పడ్డట్టున్నాయి, ముఖం తుడుచుకుంటూ, "అన్నం తిన్నోడు పట్టువడ్డడా?" అని అడిగాడు.

"చచ్చిపోయిండు. నువ్వైతే ఏం చేస్తుంటివి, గట్ల చూసుంటే?"

కొంచెం ఆలోచించాడు. "దగ్గరికి పోయి 'ఎవలివి అన్నా నువ్వు, లోపలికొచ్చి తినరాదా' అందును. చీకట్ల బావి పక్కన కూసోని తింటే పురుగూ బూషీ ఉండదా?"

నాకు నవ్వాగలేదు. లోపల వినిపించేంత గట్టిగా నవ్వాను. ఆ నవ్వు విని పెద్దమ్మ ప్రార్థన ఆపేసిందని తర్వాత అమ్మ చెప్పింది.

బాపు మాత్రం వారం రోజులు ఒప్పుకోలేదు. నిద్రపోయిన పిల్లగాడి వల్ల కాదు, తనకు తట్టని మాట చెప్పిన వాళ్లమ్మ వల్ల. రోజూ ఏదో ఒకటి వెతికేవాడు. ఆత్మకూర్ దూరమన్నాడు, ఎండలన్నాడు. చివరికి నేనే చెప్పాను.

"బాపూ, నాకు నచ్చిండు."

"గా పిలగాడు నిద్రపోయిండు బిడ్డా," అన్నాడు.

"రాత్రంత బర్రె కాడ కూసుంటే నిద్ర రాదా?"

"వస్తది," అన్నాడు బాపు. మళ్లీ తనే, "దూడ బతికిందా?" అన్నాడు.

బతికిందని చెప్పాను. తల ఊపి లేచి, ఆత్మకూర్‌కు ఆయనే ఫోన్ చేశాడు.

పెళ్లి మా చర్చిలోనే. పాస్టరయ్య వాక్యం చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండన్నారు. ఎప్పుడూ అడిగేదే, ఎవరూ పట్టించుకోరు. కాని ఆ రోజు చర్చి మొత్తం ఒక్కసారిగా మా బాపు వైపు తిరిగింది. మొదటి వరుసలో అమ్మ ఆయన పంచె కొంగు గట్టిగా పట్టుకుంది. అయినా బాపు లేచి నిలబడ్డాడు. నా పక్కన పెళ్లికొడుకు ఒక అడుగు నా వైపు జరిగాడు.

"లేదు!" అన్నాడు బాపు. అద్దాలు అదిరాయి. "ఎవ్వలకు లేదు. కానియ్యిండ్రి."

పాస్టరయ్య పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వుల్లోనే ఉంగరాలు మార్చుకున్నాం. నా వేలికి ఉంగరం కొంచెం వదులైంది, ఆ సంగతి మాత్రం బాపు కోర్టు దాకా పోనియ్యలేదు.