మైక్రోవేవ్ పక్కన నా జీతం

ఆ ఏటి వసంతాన్ని తలుచుకుంటే నాకు ముందు తెల్లటి పూలే కనిపిస్తాయి. అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో మా ఆఫీసు పార్కింగ్ చుట్టూ ఉన్న చెట్లు ఆకులైనా వేయకుండానే పూసేసేవి. రేకులు కార్ల మీద, కిటికీ అద్దాల మీద మెత్తగా రాలుతుండేవి. ఎం.ఎస్. అయిపోయి, చదువైనవాళ్ళకిచ్చే తాత్కాలిక పర్మిట్ మీద మొదటి ఉద్యోగంలో చేరిన కొత్త. అన్నం తిని వచ్చి కూర్చుంటే కళ్ళు వాలిపోయేవి. ఆ మగతలోనే పక్క సీటు ఆవిడ గొంతు వినిపిస్తుండేది.

ఆవిడ అమెరికన్, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే పాత ప్రోగ్రాములన్నీ ఆవిడ రాసినవే. వాటి వివరం ఏ కాగితం మీదా లేదు, అంతా ఆవిడ బుర్రలోనే ఉంది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూపిస్తూ, ఇదెందుకు పెట్టిందో, అదెందుకు తీసేసిందో తీరిగ్గా చెప్పేది. మా కాలేజీలో ఎవరూ నాకంత ఓపిగ్గా చెప్పలేదు. వింటూ వింటూ ఎక్కడికో తేలిపోయేదాన్ని. అయినా పనంతా ఎలా ఒంటబట్టిందో నాకే తెలీదు.

మార్చిలో బ్రేక్‌రూంలో మైక్రోవేవ్ పక్కన ఒక కాగితం అంటించారు. వర్క్ వీసాకి అప్లై చేసే ముందు అలా అంటించాలని రూలు. ఈ ఉద్యోగానికి బయటి దేశం మనిషిని తీసుకుంటున్నాం, జీతం ఇంత, అని ఉంటుంది. పేరు ఉండదు. ఉండక్కర్లేదు కూడా, ఆ ఫ్లోర్‌లో వీసా కావలసింది నేనొక్కదాన్నే. నా పులిహోర వేడెక్కేలోగా రోజూ నా జీతం నేనే చదువుకుని మురిసిపోయేదాన్ని.

ఒకరోజు ఆవిడ కూడా నా పక్కన నిలబడి చదువుతోంది. నా నోరు ఊరుకోదుగా! మనవాళ్ళలో జీతమెంత అని అడగడం, ఇవాళ ఏం కూర అని అడిగినంత మామూలు. మీకెంతిస్తారు అని అడిగేశాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఈ దేశంలో అది అడగకూడని మాటని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. ఆవిడ కాగితంలో జీతం అంకె మీద వేలు పెట్టింది.

"ఇంతకంటే తక్కువే," అంది మెల్లగా.

ఆ సాయంత్రమే మేనేజర్ గదిలోకి వెళ్ళింది. కనీసం ఆ కాగితం మీద ఉన్నంతైనా ఇవ్వమని అడిగి వచ్చానని నాతో చెప్పింది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదట. నాకు భలే సంతోషమేసింది.

మేనేజర్ మన తెలుగాయనే. ఎప్పుడో వచ్చి స్థిరపడినవారు, ఒకటి రెండుసార్లు నన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టారు. వారం తర్వాత కాఫీ కప్పుతో మా సీట్ల దగ్గరికొచ్చి, తెలుగులో అడిగారు.

"ఏమ్మా, ఈ సిస్టమ్ అంతా నువ్వొక్కదానివే హ్యాండిల్ చేయగలవా?"

ఆవిడ పక్కనే ఉంది. మా భాష అర్థంకాక, నవ్వుతూ మా ఇద్దరి వంకా చూస్తోంది. ఏం అడిగినా రాదని మాత్రం అనొద్దని రూమ్మేట్లం ఇంటర్వ్యూల కోసం ఒకరికొకరం నూరిపోసుకున్న రోజులవి. వీసా ఇంకా చేతికి రాలేదు. పైగా, నిజం చెప్పొద్దూ, గర్వం.

"చేయగలనండీ."

ఆయన వెళ్ళాక ఏమన్నాడని ఆవిడ అడిగింది. శనివారం భోజనానికి రమ్మన్నారని చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పూలన్నీ రాలి చెట్లు పచ్చబడేసరికి ఆవిడ ఉద్యోగం పోయింది. సామాను అట్టపెట్టెలో సర్దుకుని వెళ్తూ, ఏదైనా అర్థంకాకపోతే చెయ్యమని ఫోన్ నంబరు రాసిచ్చింది.

జూన్ నెలాఖరున క్లెయిములు ఆగిపోయాయి. పాత ప్రోగ్రాములన్నీ తిరగేశాను, తప్పెక్కడుందో దొరకలేదు. చేతకాలేదని మేనేజర్‌తో ఏ ముఖం పెట్టుకుని చెప్పను? గొంతు తగ్గించి ఆవిడకి ఫోన్ చేశాను. ఎక్కడ చూడాలో, ఏ లైను మార్చాలో, ఎప్పటిలాగే తీరిగ్గా చెప్పుకుంటూ వచ్చింది. క్లెయిములు కదిలాయనగానే చిన్నపిల్లలా సంబరపడింది. ఇంకా ఉద్యోగం దొరకలేదని మాటల మధ్యలో తెలిసింది. ఆ రోజు మేనేజర్ నిజంగా ఏమడిగారో చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. గంటన్నరసేపు నేర్పింది. ఆ గంటన్నరకి జీతం నాకు పడింది.