చిక్కుడు పాదులో పోసిన గంజి

మగ్గం మీది పడుగు దారాలకు పెట్టగా మిగిలిన బియ్యపు గంజిని మా అమ్మ ఎప్పుడూ పారబోసేది కాదు. పల్చన చేసి పెరట్లో చిక్కుడు పాదులో పోసేది. ఆ తీగ ఇంటి కప్పెక్కి కాసేది. సూరత్‌లో ఇరవై ఏళ్లుగా పవర్‌లూమ్‌లు నడుపుతున్న నాకు సేద్యం గురించి తెలిసింది అదొక్కటే. అయినా ఇక్కడ మేముండే నవాగామ్‌లో, మా గల్లీలో ఎవరి కుండీలో మొక్క వాడినా సలహాతో ముందు నేనే తయారు.

మా పక్క గదిలో మా జిల్లా పెద్దమ్మ ఒకామె కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు చిక్కుడు గింజలు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. గదుల వెనక గోడవారన ఉన్న కాస్త మట్టిలో పెట్టింది. హిందీ రాదు, గుజరాతీ రాదు. కాయలు కోసిన రోజు మాత్రం ఒడియా వాళ్లకీ మరాఠీ వాళ్లకీ దోసిళ్లతో పంచి వచ్చేది. గల్లీలో ఆమెను అందరూ ఎరిగింది ఆ కాయల వల్లే. ఊళ్లో అందరూ ప్యాకెట్ విత్తనాలకు మారారని, ఈ రకం ఇప్పుడు తన దగ్గరే మిగిలిందని చెప్పేది.

రెండేళ్ల కిందట తీగకు పేనుబంక పట్టింది. ఆమె బూడిద చల్లుతుంటే నేను నవ్వాను. ఫోన్‌లో వీడియోలు చూసి ఉన్నాను కదా, మట్టిలో బలం లేకే పురుగు పడుతుందని, పైపైన చల్లడం కాదు, వేరుకు తిండి పెట్టాలని ఉపన్యాసమిచ్చాను. మర్నాడు సచిన్ పారిశ్రామికవాడలో మా కార్ఖానా పక్కన, దారానికి గంజి పట్టించే సైజింగ్ యూనిట్‌లో పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని అడిగి క్యాను నిండా తెచ్చాను. ఆమె బజారుకు వెళ్లినప్పుడు అంతా పాదులో గుమ్మరించాను. తీగ పచ్చగా లేచాక చెప్పి మెప్పు కొట్టేయాలని నా ఆశ.

వారం తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. ఆమె కంగారుపడి బిందెలు బిందెలు పోసింది. నీళ్లు పైనే నిలిచాయి. ఆమె లోపలికి వెళ్లాక పుల్లతో గీకాను. పైమట్టి చాపలా ఊడి వచ్చింది. కింద పొడి దుమ్ము. ఎవరైనా చూస్తారేమోనని గబగబా మళ్లీ కప్పేశాను.

సైజింగ్ మాస్టర్ను అడిగితే, పాలిస్టర్ దారానికి బియ్యపు గంజి ఎక్కడ పడుతుంది, అది కెమికల్ జిగురు, ఆరితే పొర కడుతుంది అన్నాడు. నాకు తెలియదా? రోజూ ఆ దారం పట్టుకునేవాణ్ణే. పాదు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గంజి అంటే మా అమ్మ గంజే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఒప్పుకుందామనే వెళ్లాను. పెద్దమ్మ తీగ దగ్గరే కూర్చుని ఉంది.

"ఏమైంది బిడ్డా దీనికి?"

"నీళ్లు జర ఎక్కువ పోసినవ్ పెద్దమ్మా. వేర్లు కుళ్లినయ్."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆమె నమ్మింది. తప్పు తనదేనని కోడలికి చెప్పుకుంది. ఇరుగుపొరుగు వాళ్లకు చెప్పడానికి తనకు భాష రాక, చెంబు పట్టుకున్న తన చేతినే చూపించి, తల అడ్డంగా ఊపింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

తీగ పూర్తిగా ఎండాక పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. కొంగు ముడి విప్పి, పోయినేడు దాచిన పది పన్నెండు గింజలు నా చేతిలో పెట్టింది.

"నా చేతుల బత్కుతలేవు బిడ్డా. నీకు తెలివుంది, నువ్వు పెట్టు. ఇంక గివ్వే ఉన్నయ్."

తీసుకున్నాను. రెండు చేతులూ చాచి మరీ తీసుకున్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి. గింజలు మా వంటింట్లో డబ్బాలో ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే మొలకెత్తవని తెలుసు. కానీ పెడితే మొలుస్తాయేమోనని, మొలిస్తే నా చెయ్యి మంచిదని ఆమె గల్లీ అంతా చెప్పుకుంటుందేమోనని భయం. మొన్న తొలకరి పడగానే మళ్లీ అడిగింది, గింజలు పెట్టావా అని.

"మట్టి మంచిగ చేస్తున్న పెద్దమ్మా," అన్నాను.

"చెయ్యి బిడ్డా. నా లెక్క ఆగం చెయ్యకు," అంది.