గెల ఎండిన చెట్టు పేరు మీద అమ్మిన కల్లు

మొన్న ఆదివారానికి, కల్లు గీసే ముత్తయ్య జీలుగు చెట్టుకు గెల ఎండిపోయి నాలుగు రోజులైంది. గెల ఎండితే కల్లు దిగదు, చెట్టుకు కుండ కట్టరు. అయినా ఆ రోజు అశ్వారావుపేట అవతల చెరువు గట్టు మీది హోటల్లో ఆయన పేరు బోర్డు మీద రాసి, డ్రమ్ములోంచి కల్లు తోడి అమ్మారు. అది తాగి ఒకాయన వాంతులు చేసుకుంటే తప్పు ముత్తయ్యదేనని యాభై మంది ముందు ఆయన్ను తిట్టారు. అక్కడికి వెళ్దామనుకునేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోండి. దారీ ఖర్చూ తర్వాత చెప్తాను.

నేను ఖమ్మంలో బండ పలకలు కోసే షెడ్డులో పని చేస్తాను. కరెంటు కోత వల్ల రెండు రోజులు షెడ్డు మూశారు. గదిలో పడుకుంటే ఆ చెరువు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట వెదురు లోడుకు వెళ్తూ మా బావ తన లారీలో నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లాడు. అప్పుడు హోటల్ లేదు. గట్టు మీద ఒక తాటాకు పందిరి, పక్కన లచ్చమ్మ పొయ్యి. చేపలు చెరువులో పట్టేవాళ్ల దగ్గర మనమే కొనుక్కుని ఇస్తే, మామిడికాయ వేసి పులుసు పెట్టేది. గూడెం నుంచి ముత్తయ్య వచ్చి, వెదురుబొంగు కణుపుల మీద కాళ్లు పెట్టి చెట్టెక్కి కుండ దించేవాడు. ఆకు దొప్పలో పోసి, మనం తాగేదాకా మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. రాత్రి గాలి ఎక్కువుంటే ఆ రోజు కల్లు ఎందుకు పలచనో చెప్పేవాడు. పొద్దు వాలితే బస్సెక్కేవాళ్లకు పోసేవాడు కాదు. మా బావ బతిమాలినా, "లారీ నడిపేటోనికి అస్సల్ పోయ, పో," అన్నాడు. తిట్టినట్టు అనేవాడు గానీ ఆ మాటలో మనమీద ఎంత పట్టింపు ఉండేదో నాకిప్పుడు తెలుస్తోంది.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఖమ్మంలో బస్సెక్కాను. వైరా, కల్లూరు, సత్తుపల్లి మీదుగా నాలుగు గంటల దారి, టికెట్టు పన్నెండు రూపాయలు. సత్తుపల్లి దాటాక కిటికీలోంచి ఇప్పపూల వాసన వచ్చింది. ఎక్కడికని కండక్టర్ అడిగాడు. చెప్పాను.

"చెరువు కాడికా తమ్మీ? ఇప్పుడు గాడ రేకుల హోటల్ పెట్టిండ్రు. కుర్చీలు, పాటల డబ్బా, గిట్ల మస్తుగున్నది."

"ముత్తయ్య ఉన్నడా?"

"పేరైతే బోర్డు మీద ఉన్నది!"

అశ్వారావుపేటలో దిగి అరగంట నడిచాను. తొమ్మిదింటికి నేరుగా గట్టు పక్కనున్న ముత్తయ్య చెట్టు దగ్గరికే వెళ్లాను. ముత్తయ్య కింద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"లారీ సారు బామ్మర్దివా? గింత బక్కగైనవేంది? రాళ్లు గిట్ల తింటున్నవా?"

కల్లు అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఈపాలి లేదు బిడ్డా. గెల ఎండి నాలుగు దినాలాయె. కొత్తది రెండు వారాలకు గని రాదు."

"వేరే చెట్టుదైనా పోయరాదే?"

"వేరే చెట్టు నాది కాదు. దాని గుణం నాకేమెరుక?"

అలా అని లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అంత దూరం వచ్చినందుకు నిరాశ కలిగింది గానీ, ఆ మాట విన్నాక మనసు నిండింది.

మధ్యాహ్నం ఆకలేసి హోటల్లోకి వెళ్లాను. గోడ మీద 'ముత్తయ్య జీలుగు కల్లు' అని ఎర్రరంగు అక్షరాలు. కింద నీలం డ్రమ్ము. లచ్చమ్మ ఇప్పుడు ఆ హోటల్ వంటింట్లోనే పని చేస్తోంది. "చెట్టుకు కుండ లేదు గదక్కా, మరి ఇదేంది?" అని అడిగాను. "నేను పొయ్యి కాడ ఉంటా తమ్మీ, డ్రమ్ము సంగతి నన్నడగకు. పులుసు తిను, నీకని తలకాయ ముక్కేసిన," అంది. పులుసు భోజనం ఎనిమిది రూపాయలు. రుచి ఆరేళ్ల కిందటిదే. ఆ రుచికి నా నోరు మూతపడింది. బోర్డు అబద్ధమని తెలిసీ రెండు గ్లాసులు తెప్పించుకుని తాగాను. చక్కెర మందు కలిపిన తీపి, కింద ఏదో చేదు.

కాసేపటికి కల్లూరు నుంచి కుటుంబంతో వచ్చిన మాస్టారొకాయన అదే డ్రమ్ము కల్లు తాగి, గట్టు అంచుకు పరుగెత్తి కక్కుకున్నాడు. భార్య ఏడుపు మొదలుపెట్టింది. హోటల్ గుత్తేదారు బయటికొచ్చి చెట్టు వైపు కేకేశాడు.

"ఏయ్ ముత్తయ్యా, ఇటు రారా! కల్లుల ఏం కలిపినవ్? మనుషుల్ని సంపుతవా?"

తండ్రి వయసు మనిషిని ఆ మాటన్నాడు. ముత్తయ్య నెమ్మదిగా వచ్చి, "నేను చెట్టెక్కక నాలుగు దినాలాయె. తలెత్తి చూడుండ్రి," అన్నాడు. అందరూ తలెత్తారు. నల్లబడిన గెల, ఖాళీ మట్ట. ఎవరో, "అవ్, కుండే లేదు గదా!" అన్నారు.

"పొద్దుగాల దించినవేమో, ఎవలకెరుక?" అన్నాడు గుత్తేదారు.

నాకు తెలుసు. లేచి నిలబడి, తొమ్మిదింటికే ఎండిన గెలను చూశానని చెప్పాను. గుత్తేదారు నా ముందున్న గ్లాసుల వైపు చూశాడు.

"గట్లనా? తెలిసి ఎందుకు తాగినవ్ మరి? రెండు గ్లాసులైనంక కుండలు కనపడయి లే!"

జనం నవ్వారు. నా సాక్ష్యం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. రేపటి నుంచి గట్టు మీద కనపడొద్దని ముత్తయ్యను వెళ్లగొట్టారు.

నన్ను సాగనంపడానికి ఆయన రోడ్డు దాకా వచ్చాడు. "నీకు కోపమొచ్చింది, నువ్వు ఖమ్మం పోతవ్. నా చెట్టు ఈడనే ఉంటది. కొత్త గెల కోస్తే మందు కలుపుతడని పేరు పడ్డ నా చేతిది ఎవలు తాగుతరు బిడ్డా?" అన్నాడు. బస్సెక్కాను. దారంతా నా రెండు గ్లాసులే గుర్తొచ్చాయి.

ఆ పందిరి పోయిందని నాకు బాధ లేదు. కుర్చీలు రానివ్వండి, రేకులు రానివ్వండి. తాగేవాడి మొహంలోకి చూస్తూ నిలబడే మనిషి ఉండేవాడు, అది పోయింది. మీరు వెళ్తే ఒక్క పని చేయండి. గ్లాసు అందుకునే ముందు ఏ చెట్టుదో చూపించమనండి, తలెత్తి కుండ చూడండి, అప్పుడు కూర్చోండి. ఖమ్మానికి ఆఖరి బస్సు అశ్వారావుపేటలో సాయంత్రం ఐదున్నరకు.

ఇక గుత్తేదారు గారూ, ఇది మీకు. ఈసారి నేను తాగి లేను. బోర్డు మీద ముత్తయ్య పేరు చెరిపేయండి. తప్పు డ్రమ్ముదేనని, చెట్టుది కాదని, మధ్యాహ్నం జనం నిండుగా ఉన్నప్పుడు అక్కడే ఆయన ముందు నిలబడి చెప్పండి. ఎప్పుడు చెప్తారో ఈ పత్రిక చిరునామాకు రాయండి. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పగలు పన్నెండు దాకా చూస్తాను. ఇందులో మీ హోటల్ పేరు రాయలేదు. జవాబు రాకపోతే రాస్తాను.