చేదు చెనిక్కాయ, నా సంతకం

ఆ రోజు తప్పు నాదే. పరిశోధకురాలు అడగాల్సిన ప్రశ్న అడిగింది. నేను నవ్వి కొట్టిపారేశాను.

చింతామణి ఊరి దగ్గర మా విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో అసిస్టెంట్ రిజిస్ట్రారుగా ఉన్నాను. అప్పటికి రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ జూలైలోనే ఎగుమతి నియంత్రణ బాధ్యత కూడా నాకు అప్పగించారు. ప్రయోగశాల నుంచి విదేశానికి ఏ నమూనా పంపాలన్నా, ముందు కేంద్ర ప్రభుత్వపు స్కోమెట్ పట్టికలో దాని పేరు ఉందేమో చూడాలి. ఆయుధాలకూ పనికొచ్చే ప్రమాదమున్న వస్తువుల జాబితా అది. పేరుంటే లైసెన్సు వచ్చేదాకా కదపకూడదు. లేకపోతే ఫారంలో 'లేదు' అని రాసి నేను సంతకం చేస్తే చాలు.

ఆ పరిశోధకురాలు రమ్యది బాగేపల్లి పక్క పల్లె. చెనిక్కాయలకు, అంటే వేరుశెనగకు, పట్టే బూజులోని విషాన్ని పొలంలోనే కనిపెట్టే కాగితపు పట్టీ తయారుచేసింది. అది సరిగ్గా చూపుతోందో లేదో విదేశంలోని భాగస్వామి ప్రయోగశాల తేల్చాలి. అందుకు శుద్ధిచేసిన విషాన్నే నాలుగు చిన్న సీసాల్లో పంపాలి. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ ఫలితం మీదే ఆధారపడి ఉంది.

"సార్, ఇది విషం కదా. పట్టికలో ఉండాదేమో ఒకసారి చూస్తారా?" అంది.

"మన చెనిక్కాయకు లైసెన్సా అమ్మా! మా ఇంట్లో మూటలు మూటలుండాయి, నన్ను పట్టుకుపోతారా?" అన్నాను. పట్టిక నా సొరుగులోనే ఉంది. తెరవకుండానే 'లేదు' అని రాసి సంతకం చేశాను.

మధ్యాహ్నం పార్సెల్ జీపులో చిక్కబళ్ళాపుర కొరియర్ ఆఫీసుకు వెళ్లింది. నేను గేటు బయట టీ అంగట్లో కూర్చుని వేయించిన చెనిక్కాయలు తింటున్నాను. ఒకటి చేదు తగిలింది. ముఖం చిట్లించి అలాగే మింగబోతుంటే అంగడి నారాయణమ్మ కసిరింది.

"ఊసెయ్యప్పా! బూజుది మింగుతారా యాడన్నా? మేము ఎద్దుకే పెట్టం. ఇంత చదువుకున్నోళ్లకి నేను చెప్పల్లా?"

మా పక్క చేదు గింజ తగిలితే ఊసేసి, మంచిది ఒకటి నమిలి నోరు సరిచేసుకుంటారు. ఆ మంచి గింజ కోసం నేను ఆగలేదు. ఆఫీసుకెళ్లి పట్టిక తెరిచాను. రమ్య ఫారంలో రాసిన పేరే విషాల వరుసలో ఉంది.

ఆమెను పిలిచి నిజం చెప్పాను. పంపినవారి పేరు ఆమెది. లైసెన్సు లేకుండా సరుకు దేశం దాటితే ముందు జవాబు చెప్పాల్సింది ఆమే. కొరియర్ ఆఫీసులో ఫోను ఎవరూ ఎత్తలేదు. పార్సెళ్లు తీసుకెళ్లే బెంగళూరు వ్యాను అయిదింటికి బయల్దేరుతుంది. ఇద్దరం బస్సెక్కాం.

పది నిమిషాలుండగా చేరాం. గుమాస్తా రసీదు చూశాడు, గుర్తింపు కార్డు చూశాడు, వాపసుకు కారణం రాసివ్వమన్నాడు. 'అధికారి పట్టిక చూడకుండా సంతకం చేసినందున' అని నేనే రాశాను. అతను దాన్ని పైకి చదివాడు.

"ఎవురప్పా ఆ అధికారి? బుద్ధి ఉండాదా ఆయనకి?"

"ఇప్పుడిప్పుడే వస్తాండాది" అంది రమ్య.

గుమాస్తాకు అర్థమై నాలుక కరుచుకున్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. పెట్టె రమ్య చేతికొచ్చింది. బస్టాండులో చెనిక్కాయల పొట్లం కొని నా ముందు పెట్టి, "మొదట మీరు తినండి సార్, చేదుంటే చెప్పండి" అంది. ఆ పొట్లంలో ఒక్కటీ చేదు లేదు.

మరునాడు రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాను. ఆమె ముందే అడిగిందనీ, చూడనిది నేనేననీ. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది. అది న్యాయమే. లైసెన్సు దరఖాస్తు నేనే తయారుచేశాను. నమూనాను దేనికి వాడతారో చెబుతూ, మరెవరికీ ఇవ్వబోమని భాగస్వాముల నుంచి హామీ పత్రం తెప్పించాను. లైసెన్సు రావడానికి మూడు నెలలు పట్టింది. అంత గడువూ ఆమె పీహెచ్‌డీకి అదనంగా మంజూరు చేయించాను. పట్టీ సరిగ్గా చూపుతోందని ఫలితం వచ్చిన రోజు ఆమె ప్రయోగశాలలో అందరికీ మైసూరుపాకు పంచింది.

బాగా తెలిసిన వస్తువునే పట్టికలో ముందు వెతకాలని ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత ఫారంలో ఒక గడి చేర్పించాను: 'పరిశోధకులకు ఏమైనా అనుమానం ఉందా? వాళ్ల మాటల్లోనే రాయాలి.' దానికి పట్టికలో ఏ పేజీ చూసి జవాబిచ్చాడో రాయనిదే అధికారి సంతకం చెల్లదు. రిటైరయ్యేదాకా నా సంతకాలన్నీ ఆ గడి కిందే పెట్టాను.