గీటురాయికి దొరకని బంగారం

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. లెక్కల సారు నన్ను కోపంతో కాదు, అలసటతో వదిలేశాడు. అప్పటినుంచి రాయచూరులో మా నాయన కుంపటి ముందే కూర్చున్నాను. నలభై ఏళ్లు నేను బంగారాన్ని వంచాను, తర్వాత అది నా వేళ్లను వంచడం మొదలుపెట్టింది. కణుపులు వాచి, పట్టకారు చేతిలో నిలిచేది కాదు. డాక్టరు ఎక్స్‌రే చూసి మాత్రలు రాశాడు, పని మానేయమన్నాడు. పని మానేస్తే నేనింక ఎవరిని? ఆ కోపంతో మాత్రలు కూడా ముట్టలేదు.

మా ఇళ్లలో పసిపిల్లలకు బంగారం అరగదీసి తేనెతో నాకిస్తారు. నా వేళ్లకూ అదే మందనుకుని, మేలిమి ముక్కను గీటురాయి మీదే తేనె పోసి అరగదీసి, రోజూ నాకాను. రెండు వారాలకు వేళ్లు అలాగే ఉన్నాయి, నాలుక పుండయింది. ఎక్కువ మాట్లాడి అరిగిందని మా ఆవిడ తేల్చింది.

కాలేజీ ల్యాబులో పనిచేసే మా అమ్మాయి సెలవుకొచ్చి, ఒక చిన్న సీసా చూపించింది. దానిమ్మ రసంలాంటి ఎర్రటి నీళ్లు. బంగారమంది. ఒక చుక్క గీటురాయి మీద రుద్దాను. గీత పడలేదు.

"దీన్ని ఏ సేటూ కుదువ పెట్టుకోడు బిడ్డా."

కంటికందనంత సన్నబడితే బంగారం ఎర్రగా కనిపిస్తుందట. గాజు పళ్లెంలో పెంచిన ఎముక కణాలను మందు పోసి పాడుచేస్తే, ఈ బంగారు నానో రేణువులు ఆ చెరుపును తగ్గించాయట, వాపునూ అణిచాయట. తాగనా అన్నాను. పళ్లెంలో జరిగింది మనిషిలో జరుగుతుందని ఇంకా ఎవరూ తేల్చలేదంది. అంతలో రాయి మీద తేనె మరక చూసింది. నా వైద్యం గొప్పగా చెప్పాను.

"రోజూ తేజాబు పోసి నగలు పరీక్ష చేసే రాయి గిది. దాన్ని నాకుతున్నవా నాయినా?"

నలభై ఏళ్లుగా ఆ యాసిడ్ చుక్కలు వేసిన చెయ్యి నాదే. తేనె పోసేటప్పుడు గుర్తే రాలేదు. ఊరి నగల్లోని కల్తీ అంతా నేనే మింగాను.

ఆ పూటే మాత్రలు వేసుకున్నాను. పట్టకారు పిడికి పాత చీర పేలిక లావుగా చుట్టి, ముక్కుపుడక చేయడానికి కూర్చున్నాను. పుడకలో పొదిగే రాయి రెండుసార్లు పక్కకు ఒరిగింది. మూడోసారి కుదిరింది. అమ్మాయి నిలబడి చూస్తూనే ఉంది.

"డాక్టరు ఒప్పుకోడు నాయినా."

"ఆయన్ని ఎవరడిగిర్రు?" అని రెండో పుడకకు తీగ తీశాను.